ఉప్పు చూడకూడని కూర

ధనుంజయ్ ఫోన్ ఆమె ముందు పెట్టి, "వీకెండ్‌కు స్కాట్లాండ్ పోదమా?" అన్నాడు. స్వర్ణలత సరే అంది.

చంద్రమండలం పోదామన్నా సరే అనేదే. కన్నతండ్రి, ఆమె బాపు, పోయిన దగ్గర్నుంచి ఆమె నోట్లో ఆ ఒక్క మాటే మిగిలింది. ఆఫీసులో ఇంకొకరి పని తెచ్చి నెత్తిన పెడితే సరే. కింది ఫ్లాటువాళ్లు మీ జాగాలో మా కారు పెట్టుకుంటామంటే సరే. పోనీ ఏడ్చిందా అంటే అదీ లేదు. శవం దగ్గర ఏడవలేదు, దినాల్లో ఏడవలేదు, హైదరాబాద్ తిరిగొచ్చాకా ఏడవలేదు. వేళకు తినేది, కానీ ఏం తింటోందో తెలిసేది కాదు. మొన్నొక పొద్దున రెండు కప్పుల టీలోనూ చక్కెరకు బదులు ఉప్పు వేసి, తన కప్పు సగం తాగేసింది. ధనుంజయ్ రెండో కప్పు నోట పెట్టుకుని ఉమ్మేసేదాకా ఆమెకు తేడా తెలియలేదు. ఆ రోజు అతనికి భయం పుట్టింది. భయం పుడితే ఈ కాలం మొగుళ్లు ఏం చేస్తారు? ఫోన్ తీసి ఏదో ఒకటి బుక్ చేస్తారు.

"నిజం స్కాట్లాండ్ గాదు. మన సిరిసిల్ల దిక్కే, డ్యాం నీళ్ల నడుమ చిన్న దీవి ఉన్నదట. టెంట్లు, బోటు, చలిమంట. శనివారం పోయి ఆదివారం అచ్చుడే. రాంగ అత్తమ్మను గుడ జూసి రావచ్చు."

ఆ ఫోన్‌లో పచ్చటి గడ్డి, మబ్బు, నీలం నీళ్లు, వాటి మీద 'స్కాటిష్ ఐలాండ్ ఎస్కేప్, విమానం ఎక్కకుండానే' అని పెద్ద అక్షరాలు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు స్కాట్లాండ్ ఎప్పుడు చూశాడో దేవుడికే ఎరుక. లత బొమ్మ వంక సరిగా చూడను కూడా చూడలేదు.

ధనుంజయ్ భయం లత గురించి. లతకు ఉండాల్సిన భయం ఇంకొకటి ఉంది, వాళ్లమ్మ రాధమ్మ గురించి.

లత తండ్రి రాజయ్య సిరిసిల్లలో సాంచాలు నడిపిన మనిషి. పవర్‌లూమ్‌ను అక్కడ అందరూ సాంచ అనే అంటారు. దసరాకు ముందు ఒక మధ్యాహ్నం, తెగిన పోగు ముడేస్తూ ముడేస్తూ షెడ్డులోనే పక్కకు ఒరిగిపోయాడు. మూడో నాడు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, దూరంగా జరిగి కాకి కోసం చూడాలి. కాకి ముట్టిందా, మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టలేదా, మనసులో ఏదో మిగిలిపోయినట్టు. రెండు కాకులు వచ్చాయి. రాజయ్య వాళ్లుండే కాలనీ నీళ్ల ట్యాంకు మీద వాలి, మెడలు వంచి విస్తరి వంక చూసి, మాకేం సంబంధం అన్నట్టు లేచిపోయాయి.

ఇక చూడాలి చుట్టాల హైరానా! "వేములవాడ రాజన్న గుడిల కోడెను కడ్తం, తినురా రాజయ్యా" అని ఒకరు. "షెడ్డుల కొత్త సాంచ పెట్టిస్తం, తినే అన్నా" అని ఇంకొకరు. "అత్తమ్మను మా ఇంటికి తీస్కపోతం" అని ధనుంజయ్ చేత కూడా గట్టిగా అనిపించారు. ఏ మాటకూ కాకి దిగలేదు. మిట్టమధ్యాహ్నం దాకా చూసి విస్తరి ఆవుకు పెట్టారు. తొమ్మిదో నాడూ అంతే, మాసికం నాడూ అంతే.

రాధమ్మ అప్పట్నుంచి బువ్వ ముట్టలేదు. ఇంత జావ తాగి పడుకుంటుంది. "ఆయన ఆకలితోని ఉన్నడు, నేనెట్ల తినాలె?" అంటుంది. బతిమాలారు, తిట్టారు, ఒట్లు పెట్టారు. రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోతే సిరిసిల్లలో సెలైన్ ఎక్కించారు. మళ్లీ ఇలాగే పడితే ఈ మనిషి లేవదని డాక్టరు తెగేసి చెప్పాడు. లత రోజూ తల్లికి ఫోన్ చేసేది. "తిన్నవా అవ్వా?" "జావ తాగిన." "సరే." తల్లి కరిగిపోతోందని ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఎవరో పక్కింటివాళ్ల సంగతి విన్నట్టే ఉండేది.

శనివారం కారు సిద్దిపేట దాటకముందే లత నిద్రపోయింది. ధనుంజయ్ లేపి, "దిగు, అచ్చినం" అన్నాడు. దిగింది. ఎదురుగా కనుచూపు మేర నీళ్లు. ఆ నీళ్ల మధ్య, సగం మునిగి, బోడగుట్ట.

నెత్తిన నల్లటి రాతిగుండు, గుండు పక్కన వంకర వేపచెట్టు, ఈ పక్క సీతాఫలం పొదలు. పొరపాటు పడేందుకు లేదు.

"ఇది మా ఊరు" అంది.

"ఏది?"

"గీ నీళ్ల కింద."

ధనుంజయ్‌ది కోరుట్ల. అతనికి పెళ్లయ్యేనాటికే ఈ ఊరు మునిగిపోయింది, పెళ్లి బారాతు వచ్చింది, ముంపువాళ్లకు సర్కారు ఇచ్చిన కాలనీకే. అత్తగారికి ఇంకో ఊరుండేదని తెలుసు, నీళ్లలో ఉందనీ తెలుసు. ఏ మూల ఉందో అతను అడగలేదు, లత చెప్పలేదు. ఇప్పుడు పాపం మొహం మాడిపోయింది.

"అయ్యో, నాకు తెల్వది లతా. వాపస్ పోదమా?"

"సరే."

"పోనీ, అచ్చినం గదా, ఉందమా?"

"సరే."

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతారు చెప్పండి! ఇంతలో బోటులోంచి ఒక ముసలాయన దిగి వచ్చి, కళ్లు చికిలించి ఆమె మొహంలోకి చూశాడు. ఒంటి మీద 'కెప్టెన్' అని రాసిన నీలం టీషర్టు, కింద పాత లుంగీ.

"నువ్వు మగ్గాల రాజయ్య బిడ్డవు గాదూ? నేను బిడ్డా, వెంకటిని. చేపల వెంకటిని."

"మంచిగున్నవా, వెంకటి మామా?" అంది లత. ఊళ్లో ఉన్నప్పుడు అలాగే పిలిచేది.

"నాకేంది, ఒకప్పుడు గీ నీళ్లల్ల చేపలు పట్టిన, ఇప్పుడు పట్నపోళ్లను పడుతున్న. ఎక్కుండ్రి. రాజన్న సంగతి తెలిసింది బిడ్డా. మంచి మనిషి."

గుట్ట మీద అంతా సింధూజ అనే అమ్మాయి చేతిలో ఉంది. జగిత్యాల పిల్ల, ఎంబీఏ చదివిందట. టోపీ పెట్టుకుని, మెడలో ఈల వేసుకుని, వచ్చినవాళ్లందరికీ నిమ్మరసం ఇచ్చి, "వెల్‌కం టు స్కాట్లాండ్!" అని నవ్వుతోంది. పది టెంట్లు, స్పీకర్లో పాటలు. హైదరాబాద్ పిల్లలు లైఫ్ జాకెట్లు వేసుకుని ఫోటోలు దిగుతున్నారు. లత వాళ్ల మధ్య కూర్చుని, ఇచ్చింది తాగింది, చూపించింది చూసింది. ఒకచోట నీళ్లలోకి వేలు చూపిస్తూ "అక్కడ చాలా లోతు, పోవద్దు" అని సింధూజ అందరికీ చెప్పింది. అక్కడ వాళ్ల వాడ ఉండేది. లత తల ఊపింది.

మధ్యాహ్నం అట్టపళ్లెంలో బిర్యానీ పెట్టారు. లత సగం తిని పక్కన పెట్టేసింది. వెంకటి అది చూసి పళ్లికిలించాడు.

"రాజన్న ఉంటే ఊడ్చుక తినేటోడు బిడ్డా. రాత్రి సాంచాల మీద చేసి పొద్దుగాల అచ్చి, బడికి పోంగ నువ్వు ఇడిసిన పళ్లెం ముందటేసుకుని కూసుండేటోడు. మీ అవ్వ వేరే పెడ్తనంటే వినేటోడా? మా బిడ్డ తిన్నదే మస్తుగుంటది అనేటోడు."

లత ఊఁ అంది. ఇంతలో పక్కన రెక్కల చప్పుడైంది. ఒక కాకి ఆ అట్టపళ్లెం అంచు మీద వాలి, బిర్యానీ మెతుకులు కాదని, ముక్క ఒకటి లాగి వేపచెట్టు మీదికి ఎగిరింది. లత తలెత్తి చూసింది. చెట్టు నిండా కాకులే. గుండు మీద కాకులే. అంత కాకిమూకను చూసి ఎన్నాళ్లయిందో.

"గిన్ని కాకులు ఏడికెల్లి అచ్చినయ్ మామా?"

"ఏడికెల్లి ఏంది? మనయే! ఊర్ల చింతచెట్ల మీద ఉండేటియి. నీళ్లచ్చినప్పుడు మనకు కాలనీల ప్లాట్లిచ్చిండ్రు, గివిటికెవడిచ్చిండు? గుట్టెక్కినయ్."

నవ్వించాలనే అన్నాడు వెంకటి. లత నవ్వలేదు. కాలనీ ట్యాంకు మీద వాలిన రెండు కాకులు గుర్తొచ్చాయి. అవి రాజయ్యను ఎరగవు. పరాయి ఊరి కాకులకు పెట్టి, ముట్టలేదని వీళ్లు ఇన్నాళ్లూ ఏడుస్తున్నారు. ఎన్నో రోజుల తర్వాత ఆమె బుర్రలో ఒక ఆలోచన తనంతట తాను కదిలింది. ఫోన్ తీసింది.

"అవ్వా, మన కాకులు ఈడున్నయ్."

"ఏడనే?"

"బోడగుట్ట మీద."

"గాడికెట్ల పోయినవే నువ్వు?"

"స్కాట్లాండ్ అని తోల్కచ్చిండు మీ అల్లుడు."

"అదేడుంటది?" అంది రాధమ్మ. జవాబు కోసం ఆగలేదు. "రేపు పొద్దుగాల అల్లున్ని పంపు. కార్జం తెస్త. ఇంటికాడ వండ, గాడనే వండుదం, మన మన్ను మీద. ఇదే ఆఖరు బిడ్డా. నాకు ఇంకోపాలి ఓపిక లేదు." రాజయ్యకు మేక కార్జం అంటే ప్రాణం. ఆదివారం కార్జం, సీసాడు కల్లు ఉంటే ఆ మనిషికి రాజ్యాలు అక్కర్లేదు.

మర్నాడు ధనుంజయ్ పోయి అత్తను తీసుకొచ్చాడు. బోటు దిగుతున్న తల్లిని చూసి, గాలికి రెపరెపలాడుతోంది చీర కాదు మనిషే అనుకుంది లత. అంత చిక్కిపోయింది. దారిలో రాధమ్మ ఒక్కటే అడిగిందట, "మన ఇల్లు ఏడికచ్చింది వెంకటీ?" అని. "ఇప్పుడే దాటినం వదినా" అన్నాడట వెంకటి. ఆ మాట ధనుంజయ్ లత చెవిలో చెప్పాడు.

బుట్టలోంచి గిన్నెలు, బియ్యం, నూనె సీసా, కారం పొట్లం, కల్లు సీసా బయటికి వస్తుంటే సింధూజ ఈల చేత్తో పట్టుకుని వచ్చింది. "బయటి నాన్‌వెజ్ ఈడ వండద్దు ఆంటీ, రూల్..." అంటూ ఉండగానే మోదుగాకు విస్తరి చూసింది. ఆ పిల్ల మొహం మారిపోయింది. "పిట్టకా? మా తాతకు జగిత్యాల కోట గోడ మీద పెట్టినం. పెట్టుకోండ్రి, ఆంటీ. నేను వీళ్లందర్ని బోటింగ్‌కు తీస్కపోత." టోపీ సర్దుకుని, ఈల వేసి, స్కాట్లాండ్ మొత్తాన్ని అవతలి ఒడ్డుకు తోలుకుపోయింది.

మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేశారు. రాధమ్మ నాలుగుసార్లు ఊదేసరికి కళ్లు మూతలు పడ్డాయి. వేపచెట్టుకు చేరగిలబడి, "నువ్వే వండు బిడ్డా" అంది.

పిట్టకు పెట్టే కూరకు ఒక కట్టడి ఉంది. పొయ్యి మీద ఉండగా ఎవరూ నోట పెట్టరాదు. ఉప్పు చాలిందో లేదో కూడా చూడరాదు. అది పోయినవాళ్ల కోసం వండింది, ముందు ఇంకొకరు ముట్టారా, ఎంగిలే. ఇది లతకు తెలియదా? తెలుసు. కానీ ఆమె చేతులు ఈ మధ్య ఆమెను అడిగి పని చేయడం లేదు. ముందు అన్నం వండి దించింది, ఉల్లిగడ్డ వేయించింది, అల్లం ఎల్లిగడ్డ వేసింది, కార్జం వేసి కలిపింది, ఉప్పూ కారం వేసింది. ఆపైన, రోజూ తన వంటింట్లో చేసినట్టే, గరిటెతో ఒక ముక్క తీసి అరచేతిలో వేసుకుని, ఊది, నోట్లో వేసుకుంది. ఏమీ తెలియలేదు. ఇంకొంచెం ఉప్పు వేసింది. మళ్లీ ముక్క తీసింది. ఏమీ తెలియలేదు. ఇంకో చిటికెడు వేసి, మూడో ముక్క నోటి దాకా తెచ్చింది.

"లతా!"

రాధమ్మ కేక గుండుకు తగిలి తిరిగొచ్చింది. చెట్టు మీది కాకులు ఒక్కసారిగా లేచాయి. లత చేతిలో ముక్క అలాగే ఉంది. ఏం చేసిందో అప్పుడు తెలిసింది.

"అయిపాయె! ఎంగిలి జేసినవ్!" రాధమ్మ నెత్తి కొట్టుకుంది. "నీకు మతి ఉన్నదే? బాపు సచ్చిపోతే ఒక్క సుక్క కన్నీళ్లు పెట్టకపోతివి. అందరు నన్నడిగిండ్రు, నీ బిడ్డ రాయా అని. ఊకున్న. ఇప్పుడు ఆయన బువ్వ ఎంగిలి జేస్తివి. నీకేం జేసిండే ఆయన?"

ధనుంజయ్ కంగారుగా ముందుకొచ్చాడు. "అత్తమ్మా, ఇంకో కార్జం తెస్త. సిరిసిల్ల ఎంత దూరం, గంటల అస్త."

"ఒద్దు బిడ్డా. నాతోని కాదు. ఆయన నన్ను తినొద్దంటున్నడు, గంతే." రాధమ్మ కొంగు మొహం మీదికి లాక్కుని నేల మీద ఒరిగిపోయింది. వెంకటి అటు తిరిగి నీళ్ల వంక చూస్తూ నిలబడ్డాడు.

లతకు తల్లి మాటలన్నీ వినబడ్డాయి. రాయా అన్నదీ వినబడింది. అవును, రాయే కావచ్చు అనుకుంది. అవ్వ ఇక లేవదు, ఆ పాపం నాదే అనీ అనుకుంది. ఏదీ ఎక్కడా తగలలేదు. పొయ్యి మీద గిన్నె మాత్రం కుతకుతలాడుతోంది, కూర అడుగంటబోతోంది. దించింది. విస్తరి పరిచింది. అన్నం పెట్టి, పక్కన కార్జం పెట్టింది.

రాధమ్మ కొంగు తీసి చూసింది. "ఎంగిల్ది పెడ్తవా?"

"నా ఎంగిలే గదా" అంది లత.

రాధమ్మ మెల్లగా లేచి కూర్చుంది. లత విస్తరి తీసుకుపోయి నల్లగుండు మీద పెట్టింది, పక్కన ముంతలో కల్లు పోసింది. మొక్కులు మొక్కలేదు, మాటలు ఇవ్వలేదు. వెనక్కి వచ్చి తల్లి పక్కన కూలబడింది.

వేపచెట్టు మీంచి ఒక కాకి దిగింది. గుండు మీద నాలుగు అడుగులు ఎగిరెగిరి వేసింది. అన్నం జోలికి పోలేదు. కార్జం ముక్క ఒకటి ముక్కున కరిచి, అక్కడే నిలబడి మింగింది. ఇంకొకటి మింగింది. మూడోది కూడా అయ్యాక, తృప్తిగా రాతికి ముక్కు అటూ ఇటూ తుడుచుకుని, గట్టిగా అరిచింది. ఆ అరుపుకు చెట్టు చెట్టంతా గుండు మీదికి దిగింది.

"ముట్టింది వదినా!" వెంకటి కేకేశాడు. "రాజన్న ముట్టిండు!"

రాధమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. మూడుసార్లు ఎంత శుద్ధిగా వండింది, తలస్నానం చేసి, తడిబట్టతో, ఎవరినీ పొయ్యి దగ్గరికి రానివ్వకుండా! "మొండోడు" అంది చివరికి. "నేను మడి గట్టుకుని వండితే నచ్చలే. బిడ్డ ఎంగిలి కావాల్నా నీకు? గిన్ని దినాలు ఆ పళ్లెం కోసమే ఆగినవా?" కోపంగానే అంది, కానీ అంటున్నకొద్దీ మొహం విచ్చుకుంటూ పోయింది. ఆ మొహం చూసి ధనుంజయ్ కళ్లు తుడుచుకున్నాడు.

అంతా అయ్యాక రాధమ్మ లత వైపు తిరిగింది. "నాకింత బువ్వ పెట్టు."

లత ఇంకో విస్తట్లో పెట్టింది. రాధమ్మ అన్నంలో కూర కలిపి, ఇన్నాళ్లకు మొదటి ముద్ద నోట పెట్టుకుంది. నమిలింది. మొహం చిట్లించింది.

"గింత ఉప్పేసినవేందే? విషమే! మీ బాపు ఎట్ల మింగిండో!" అంటూనే రెండో ముద్ద కలిపి లత నోటి ముందు పెట్టింది. "సూడు, నువ్వే సూడు."

లత నోరు తెరిచింది. ఉప్పు నాలుక కొసన భగ్గుమంది. పుక్కిళ్లలోకి పాకింది, గొంతు దాకా మండుతూ దిగింది. దాని వెనకే కారం, కార్జం వాసన, కట్టెల పొగ. పొద్దున్నే సాంచాల దుమ్ముతో వచ్చి తన పళ్లెం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునే బాపు.

"అవునే అవ్వా, ఉప్పెక్కువైంది" అంది. ఆ మాట పూర్తికాకుండానే ఏడుపు తన్నుకొచ్చింది. ముద్ద నోట్లో ఉండగానే, చంటిపిల్ల లాగా, గట్టిగా.

ధనుంజయ్ ఓదార్చడానికి లేవబోతే రాధమ్మ చేత్తోనే వద్దంది. మూడో ముద్ద కలుపుకుంది.

"ఏడ్వు బిడ్డా" అంది. "నువ్వు ఏడ్వు. నేను తింటున్న."